గుమ్మడివలస బల్లగారు

ఆ శాసనసభ రెండో ఏట, బడ్జెట్ సమావేశాల్లో, సభ్యుల చేతులతో పనిలేకుండా బల్లలే తమంతట తాము చరుచుకోవడం మొదలుపెట్టాయి. స్పీకర్ నిబంధనలు తిరగేయించి, చప్పుడు ఎవరు చెయ్యాలో అందులో ఎక్కడా లేదని రూలింగ్ ఇచ్చారు. హర్షధ్వానాలు అని రికార్డుల్లో రాసుకుని సభ ముందుకు సాగింది.

అంతకుముందు కూడా ఆ సభకు పెద్దగా అడ్డేమీ లేదు. అధికార పక్షానికి ఎంత మెజారిటీ వచ్చిందంటే, వాళ్ల వైపు చోటు చాలక ప్రతిపక్షం వైపు కూడా సర్దుకుని కూర్చున్నారు. ప్రతిపక్షమంతా కలిసి ఒక్క ఆటోలో వచ్చేది. ఏడాది తిరిగేసరికి వాళ్లూ అభివృద్ధిని చూసి కండువాలు మార్చుకున్నారు. ఆ తర్వాత బిల్లు పేరు పూర్తిగా చదవడం కూడా దండగ అనిపించింది. చరిచి చరిచి అరచేతులు వాచి ఉన్నాయేమో, బల్లల చొరవను సభ్యులు స్వాగతించారు.

ఒక్క గుమ్మడివలస ఎమ్మెల్యే వరహాలరావే స్వాగతించలేకపోయాడు. అతని బల్ల మహా చురుకైనది. ముఖ్యమంత్రి గొంతు సవరించుకున్నా చరిచేది. ఓ రోజు ముఖ్యమంత్రి అటు చూసి నవ్వారు. ఆ నవ్వు తనకే అనుకుని వరహాలరావు వారం పాటు కొత్త పెళ్లికొడుకులా తిరిగాడు. తర్వాత తెలిసింది, ఆయన పేషీలో వాకబు చేసింది బల్ల గురించట.

అప్పట్నుంచి అతనికి అన్నం సయించలేదు. అసూయతో కుతకుతలాడిపోయాడు. బల్లకంటే ముందే చరుద్దామని చెయ్యి గాల్లో పెట్టుకుని కూర్చునేవాడు. అయినా అదే ముందు. దాని మీద శాలువా కప్పేశాడు. తోటి సభ్యుడి గొంతు నొక్కుతున్నారంటూ క్రమశిక్షణ సంఘం నోటీసు ఇచ్చింది. ఇంటికెళ్లి భార్య అప్పలనరసమ్మ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు.

"దాని మీద మీకేటండీ అంత కుళ్లు? పాపం, దాని పని అది సేసుకుంటంది," అంది ఆమె.

మంత్రివర్గ విస్తరణలో బల్లకు అటవీ శాఖ ఇచ్చారు. ఎన్నాళ్లుగానో వరహాలరావు కన్నేసిన శాఖ అది. ప్రమాణ స్వీకారం రోజు "అను నేను" అనాల్సిన చోట బల్ల గట్టిగా ఒక్కసారి చప్పుడు చేసింది. అది చాలన్నారు. ఎన్నికలు దగ్గరపడ్డాక గుమ్మడివలస టికెట్ కూడా దానికే ప్రకటించారు. వరహాలరావు ఇక ఉండబట్టలేక ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్లాడు.

"నాలో లేనిది దానిలో ఏముంది సార్?"

ఆయన ఆప్యాయంగా భుజం తట్టారు. "దాంట్లో ఏమీ లేదు వరహాలూ. నీకు నోరుంది. నోరున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తాడు."

"ఐదేళ్లలో ఒక్కసారైనా తెరిచానా సార్?"

"ఇప్పుడు తెరిచావుగా."

కడుపు మండిపోయి అతను స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేశాడు. గడప గడపకూ తిరిగి, ఆఫ్టరాల్ ఒక చెక్కకు ఓటేస్తారా అని అడిగాడు. ఒక ముసలామె జాలిపడి మంచినీళ్లిచ్చింది. "నువ్వూ మాట్టాడలేదు, అదీ మాట్టాడదు. దాని మీదయితే అర్జీ అయినా ఎట్టుకోవచ్చు నాయనా," అంది. అతను నీళ్లు తాగి పక్కింటికి వెళ్లాడు.

పోలింగ్ రోజు భార్యాభర్తలిద్దరూ లైన్లో నిలబడి ఓటేసి వచ్చారు. ఇద్దరూ బడి గేటు దాటారు.

"మీకే ఏసుకున్నారా?" అని అడిగింది అప్పలనరసమ్మ.

"బల్లకేసాను. గెలిసేది అదే. తెలిసి తెలిసి ఓటు పాడుసేసుకోమంటావా?"

ఆమె హమ్మయ్య అనుకుంది. "నానూ దానికే ఏసాను. మీకెలా సెప్పాలా అని పొద్దున్నుంచీ ఒకటే బెంగ."

తను వేసినందుకు అతనికేమీ అనిపించలేదు. ఆమె కూడా వేసిందని వినగానే మాత్రం బల్ల మీద మళ్లీ ఒళ్లు మండిపోయింది.