పొయ్యి వెలగని ఇంటి పాట

ఆ శుక్రవారం సుష్మిత పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం లోపల తను రాసుకున్న పాటను తనే రికార్డు చేసి తన చానల్లో పెట్టుకోవాలి.

రెండేళ్ళ కిందట ఆమె టీవీ పాటల పోటీలో చివరి ఎనిమిది మంది దాకా వెళ్ళి తిరిగొచ్చింది. అప్పట్లో కామారెడ్డి బస్టాండు దగ్గర కట్టిన ఆమె ఫ్లెక్సీ ఇప్పుడు ఎవరిదో కోళ్ళగూటి మీద కప్పుగా ఉంది. పోటీలో పాడినవన్నీ సినిమా పాటలే. ఇకమీద పాడితే సొంత పాటే పాడాలని ఆమె పట్టుదల. తండ్రి రాజలింగు పట్టుదల బీఈడీ.

"ఫారానికి ఇయ్యాల్నే ఆఖరు," అన్నాడాయన చెప్పులేసుకుంటూ. "మూడు నెలల సంది రేపు రేపంటున్నవ్. నేను గాంధారి పోయి వచ్చేసరికి పాట అయిందా, మల్ల బీఈడీ మాటెత్తితే ఒట్టు. కాలేదా, సక్కగ మీసేవకు నడువు."

మక్కజొన్నల బేరానికని ఆయన గాంధారి ఊరి బస్సెక్కాడు. ఫోను చార్జింగులోనే మరిచిపోయాడు.

గది గోడలకు బొంతలు కడితే గొంతు మోగకుండా ఉంటుందని సుష్మిత చెప్పింది. ఇంట్లో ఉన్నవి రెండే. తల్లి గంగమణి నాలుగిండ్లు తిరిగింది.

"ఇన్ని బొంతలెందుకక్కా, సుట్టాలు వస్తున్నరా?" అంది ఎదురింటి అరుణజ్యోతి.

గోడలకు కట్టడానికని చెబితే వాడంతా నవ్వుతుందని గంగమణి, "ఆఁ, గట్లనే అనుకో," అని వచ్చేసింది.

గదిలో చోటు కోసం తల్లీకూతుళ్ళు మంచాన్ని బయట గోడకు నిలబెట్టారు. ఫ్యాను ఆపారు, ఫ్రిజ్ ఆపారు. కుక్కరు కూత పాటలో పడుతుందని పొయ్యి కూడా ముట్టించలేదు. తలుపులు మూసి సుష్మిత పాట అందుకుంది. మొగుడు దుబాయి పోయిన ఆడమనిషి పాట అది.

"నన్ను ఇడిసి పోతివా, మల్లెన్నడొస్తవో..."

ఒకసారి పాడింది, బాగాలేదు. రెండోసారి శ్రుతి కుదిరింది గాని ప్రాణం లేదు. పదింటికల్లా ఏడుసార్లయింది.

ఎదురింటి అరుగు మీద అరుణజ్యోతి లెక్కలు వేసుకుంటోంది. అరువు బొంతలు. బయటపడ్డ మంచం. పది దాటినా వెలగని పొయ్యి. లోపల ఆగి ఆగి 'నన్ను ఇడిసి పోతివా' అంటూ ఆడపిల్ల గొంతు. చావింట్లో తప్ప ఇవన్నీ ఒక్కచోట ఆమె ఎన్నడూ చూడలేదు. అనుమానం తీర్చుకుందామని రాజలింగుకు ఫోన్ చేసింది. అది ఇంట్లోనే మోగి ఎనిమిదో పాటను పాడుచేసింది. గంగమణి విసురుగా దాన్ని బందు చేసింది. మధ్యలో కట్టయిన ఫోను చూసి అరుణజ్యోతి అరుగు దిగింది.

వెళ్ళి తలుపు తట్టింది. గంగమణి బెత్తెడు సందు తెరిచింది. ఫ్యాను లేని ఉక్కకు చెమట కళ్ళలోకి కారి, రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందక్కా?"

"ఇప్పుడేమనకే. సప్పుడు జేయకు, తర్వాత జెప్త," అని కొంగుతో కళ్ళొత్తుకుంటూ తలుపు మూసింది.

ఇక్కడ చావు మాట ఫోనులో ఎవరూ చెప్పరు. 'జర సీరియస్ ఉన్నది, జల్ది రాండ్రి' అంటారు. ఆ మాట విన్నవాళ్ళు ఏ దవాఖాన అని అడగరు, శవాన్ని ఎన్నింటికి ఎత్తుతరని అడుగుతారు. అరుణజ్యోతి ఎల్లారెడ్డి ఊరికి ఫోన్ చేసి, రాజలింగు అక్క దేవవ్వకు తమ్ముడి గురించి ఆ మాటే చెప్పింది. దేవవ్వ కూడా అదే అడిగింది.

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎవరు పోయినా దేవవ్వ రానిదే ఏడుపు మొదలవదు. మధ్యాహ్నానికి ఆమె ఒక బండి నిండా చుట్టాలతో దిగి, వాడ మొదట్నుంచే శోకమెత్తుకుని వచ్చింది. సుష్మిత పదమూడోసారి పాడుతుండగా తలుపు ధడాలున తెరుచుకుంది.

"వదినా, ఏం కాలే. ఆయన గాంధారి పోయిండు," అంది గంగమణి బిత్తరపోయి.

"ఔ బిడ్డా, పోయిండు, పోయిండు," అని దేవవ్వ ఆమెను కావలించుకుంది. వెనకనున్నవాళ్ళతో, "మతి తప్పినట్టున్నది, జర నీళ్ళు తాపుండ్రి," అంది.

"అత్తా, బాపు నిజంగనే..." అని సుష్మిత మొదలుపెట్టేలోగా దేవవ్వ నేల మీద కూలబడి రాగమెత్తింది.

"నిండు సెరువసొంటి తమ్ముడా... అడిగినోల్లకు లేదనని సెయ్యి గదరా... నీ నవ్వు మొకం ఇగ యాడ సూడాలెరా..."

రాజలింగు నవ్వగా చూసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. పోయిన వారమే ఆయన నిచ్చెన ఇవ్వనన్న అరుణజ్యోతి కూడా వెక్కి వెక్కి ఏడ్చింది. రికార్డింగు ఆపడానికి చాచిన సుష్మిత చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. పదమూడుసార్లు పాడినా తన పాటలోకి రానిది ఆ గొంతులో ఉంది.

అప్పుడే రాజలింగు వచ్చాడు. గడప దాకా జనం.

"ఎవలు పోయిండ్రే?" అని ముందున్నవాణ్ని అడిగాడు.

"రాజలింగన్న," అన్నాడు వాడు వెనక్కి తిరగకుండానే.

"ఎప్పుడు?"

"పొద్దుగాలనే అంట."

రాజలింగు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే దేవవ్వ ఆయన దానగుణం దగ్గరికి వచ్చింది. నోరు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. బతికుండగా తన గురించి ఇంత మంచి మాట ఆయన విన్నది లేదు. కళ్ళు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు. దేవవ్వ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాత్రం ఉండబట్టలేక అన్నాడు:

"చెల్లె పెండ్లికి టెంటు ఏయించింది నేనే గదక్కా. అది ఇడిసిపెట్టినవ్."

జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. తరవాత దేవవ్వ లేచి తమ్ముణ్ని తడిమి చూసి, వీపు మీద రెండు చరిచింది.

"ఉన్నోనివి ఉన్నట్టు జెప్పొద్దారా? ఎల్లారెడ్డి నుంచి ఏడ్సుకుంట వస్తిని. పిల్లా, ముందు చాయ్ వెట్టు."

పొయ్యి వెలిగింది. అసలు సంగతి తెలిశాక దేవవ్వ సుష్మిత పాట విని పెదవి విరిచింది.

"ఇది ఎవలు రాసిచ్చిండ్రే?"

"నేనే రాసిన, అత్తా."

"రాస్తే గిట్లనే ఉంటది. పోయినోడు కండ్ల ముంగట వడాలె, అప్పుడు నోట్లెకెళ్ళి అదే వస్తది. నేను అందుకుంట, నా ఎంబడి రా."

గంగమణి గడియారం వైపు చూసింది. నాలుగున్నర. మీసేవ ఐదింటికి మూసేస్తారు. రాజలింగు ఫారం కాగితాలు తెచ్చి ముందు పెట్టుకున్నాడు. వాటి వైపు చూడకుండా కూతుర్ని అడిగాడు:

"ఇందాక అక్క పాడింది మొత్తం పట్టిందా?"

"పట్టింది, బాపు."

"టెంటు ముచ్చట ఒక్కటి కలపరాదూ?"

దేవవ్వ అందుకుంటే సుష్మిత వెంట పాడింది, టెంటు కూడా కలిపారు. ఈసారి ఒక్కసారికే కుదిరింది. ఆరింటికి పాట చానల్లోకి ఎక్కింది. ఫారం కాగితాలను అరుణజ్యోతి పిల్లలకు మిక్చర్ పొట్లాలు కట్టడానికి వాడింది.

వారం తిరక్కముందే రాజలింగు పేరుతో ఆ పాట దుబాయి దాకా పోయింది. వింటున్నవాళ్ళు కింద 'ఓం శాంతి' అని రాస్తుంటే, రాజలింగు కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని ఒక్కొక్కరికీ తనే ధన్యవాదాలు చెప్పుకుంటున్నాడు.