సన్నటిది

శనివారం పొద్దున్నే పడవల డిజైనరు పెరట్లో నిలబడి యజమానితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. పోయిన పందెంలో వాళ్ల పడవ అందరికంటే చివర వచ్చింది. రేపూ అదే జరిగితే ఉద్యోగం ఊడుతుందని యజమాని మొహమాటం లేకుండా చెప్పేశాడు. అందుకే తెరచాప స్తంభం మార్చాల్సిందేనని డిజైనరు పట్టుబట్టాడు.

"గుండ్రటిదాన్ని వదిలేద్దాం సార్. దాని వెనక గాలి తిరుగుళ్లు ఎక్కువ. ఇన్నేళ్లు భరించాం, చాలు. కొత్తది చూశారుగా, ముందు నున్నగా, వెనక్కి పోనుపోను సన్నగా! రేపు అందరి ముందూ దాన్నే నిలబెడదాం."

వంటింటి కిటికీలోంచి భార్య ఈ చివరి మాటలు మాత్రమే విన్నది. ఆవిడ కాస్త గుండ్రంగానే ఉంటుంది. మన భాషలో ఆడమనిషినైనా దూలాన్నైనా 'అది' అనే అంటాం, కొంప ముంచేది అదే. "గాలి తిరుగుళ్లా? నావా?" అంటూ గ్యారేజీ నడిపే తమ్ముడికి ఫోన్ చేసి ఘొల్లుమంది.

తమ్ముడికి ముక్కుమీద కోపం. నేరుగా యజమానికే ఫోన్ కొట్టాడు.

"మా బావ పాతదాన్ని వదిలేసి సన్నటిదాన్ని పట్టాడట, నిజమేనా?"

"నిజమే బాబూ. నాకూ తెగ నచ్చింది. దగ్గరుండి నేనే తెప్పించాను."

"ఇప్పుడెక్కడుంది?"

"షెడ్డులో దుప్పటి కప్పి పడుకోబెట్టాం."

"ఛీ! ఆ వయసుకైనా సిగ్గుండాలి!"

అక్కాతమ్ముళ్లు షెడ్డుకి పరుగెత్తారు. బల్లల మీద పొడుగ్గా ముసుగు కనిపించింది. "లేవవే మహాతల్లీ! నా సంసారంలో నిప్పులు పోస్తావా?" అంటూ అక్క దుప్పటి లాగింది. దుప్పటితో పాటు స్తంభమూ దొర్లి, నేలమీద పడి ఫట్‌మని చీలింది.

"ఇది మనిషి కాదక్కా!" అన్నాడు తమ్ముడు నెత్తి గోక్కుంటూ.

అప్పుడే పనికి వచ్చిన డిజైనరు అది చూసి కూలబడ్డాడు. "అయ్యో, నా ఉద్యోగం మంటగలిసిందే!" సంగతి తెలిసి ఆవిడ నాలిక్కరుచుకుంది. చేసేదేముంది, ఆదివారం పాత గుండ్రటి స్తంభంతోనే పడవ బయలుదేరింది, అందరికంటే వెనక.

సగం దూరంలో ఈదురుగాలి లేచింది. మిగతా పడవల సన్న స్తంభాలన్నీ పుల్లల్లా విరిగాయి. గుండ్రటిది మాత్రం ఊగుతూ మూలుగుతూ తాపీగా గట్టు చేరింది. మొదటి బహుమతి దానికే ఇచ్చారు, ఇంకేదీ రాలేదు గనక.

యజమాని డిజైనర్ని కావలించుకున్నాడు. "నీ ముందుచూపు ముందుచూపేనయ్యా! అన్నట్టు, ఆ సన్నటిదేదీ?"

"మా ఆవిడకి నచ్చలేదు సార్."

"గుండ్రటిదే నిలబడుతుందని నే చెప్పలేదూ?" అంది ఆవిడ. చెప్పలేదు. అయినా అతను తలూపాడు.

ఇప్పుడతను ఫోనెత్తితే 'హలో' కంటే ముందు 'స్తంభం' అంటున్నాడు.