ఎడమ చేతి వైపు గోడ

ఆ రోజు ఆమె పెట్టుకున్న పనులు రెండే. ఇంట్లో నీళ్లు కారుతున్న బాత్రూం గోడను కొట్టించడం, మధ్యాహ్నం చైర్మన్ గారిని వెంటబెట్టుకుని పాత గోదాముకు వెళ్లడం. ఆమె పనిచేసే ఫౌండేషన్ ఊళ్లోని చిన్న చిన్న సేవాసంస్థలకు నిధులిస్తుంది. వాటిని చూసివచ్చి ఎవరికి ఇవ్వాలో చెప్పడం ఆమె ఉద్యోగం.

గోదాము ఫౌండేషన్‌దే. మధ్యలో అడ్డుగోడ కట్టి ఒక సగం బధిరుల సంఘానికి, మరో సగం ఆడవాళ్ల కుట్టుకేంద్రానికి ఇచ్చారు. చోటు చాలడం లేదు, నిధి ఇవ్వమని రెండూ అడిగాయి. ఒక భవనానికి ఒక్క నిధే అన్నది ఫౌండేషన్ నియమం. ఎవరో ఒకరికి లేదని చెప్పి రావాలి.

ఆమె ఆఫీసుకు బయలుదేరుతుండగా ఫోన్ మోగింది.

"మేడమ్, మేస్త్రీని. గోడ పని మొదలుపెట్టమంటారా? మీరు చెప్తేగానీ చెయ్యి వేయొద్దన్నారు."

మాటిచ్చి రాకుండా వారం రోజులుగా ఏడిపిస్తున్న మేస్త్రీ తనంతట తానే ఫోన్ చేసినందుకు ఆమె సంబరపడింది. "ఇంకా అడగడమేంటి? కొట్టేయండి."

"ఏ గోడ మేడమ్?"

"లోపలికి వెళ్లగానే ఎడమ చేతి వైపుది."

"అదా? అది పెద్ద గోడండి."

"పెద్దదో చిన్నదో నాకు తెలీదు. సాయంత్రానికి అక్కడ గోడ కనపడకూడదు."

చైర్మన్ గారి కారు ఎక్కబోతుండగా బధిరుల సంఘం కార్యదర్శి నుంచి మెసేజ్ వచ్చింది. 'మేస్త్రీ గోడ కొడుతున్నాడు. మేము అడిగింది వంటగది గోడే. మీరు ఇంత పెద్ద మనసు చేసుకుంటారనుకోలేదు. కృతజ్ఞతలు.'

రెండుసార్లు చదివినా ఆమెకు తలా తోకా అర్థం కాలేదు. అంతలో భర్త ఫోన్ చేశాడు. "మన మేస్త్రీ ఇవాళ కూడా ఎగ్గొట్టాడు. ఏం చేద్దాం?"

పొద్దున ఫోన్ వచ్చిన నంబరుకు ఆమె వెంటనే ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. సంఘంవాళ్లు కూడా ఒక మేస్త్రీని మాట్లాడి పెట్టుకున్నారు. ఫౌండేషన్ మేడమ్ సరేనంటేనే పని మొదలుపెట్టమని ఆమె నంబరు అతనికి ఇచ్చారు. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది.

కారు కదిలింది. "కుట్టుకేంద్రం పెద్దక్కకి నిధి లేదన్న మాట మీరే చెప్పండమ్మా," అన్నారు చైర్మన్ గారు. "ఆవిడ నోటికి నేను తట్టుకోలేను."

ఆమె తలూపింది. పెద్దక్కతో చెప్పుకోవాల్సింది అంతకంటే చాలా ఉంది. దారిలో పెద్దక్క మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ ఆమె ఫోన్‌ను ఒళ్లో బోర్లించింది.

గోదాము తలుపు తీయగానే ఇటుక దుమ్ము మొహాన కొట్టింది. కప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. గోడ లేదు. ఇటుకల కుప్పకు అటువైపు కుట్టుమిషన్ల ముందు ఆడవాళ్లు, ఇటువైపు టీ కప్పులు పట్టుకుని సంఘం సభ్యులు నిలబడి ఉన్నారు. తల నుంచి కాలి దాకా తెల్లబడిన మేస్త్రీ ఆమెకు నమస్కారం పెట్టాడు.

"మీరు సాయంత్రం అన్నారు. మధ్యాహ్నానికే లేపేశాను మేడమ్."

"ఎవరు కొట్టమన్నారు?" అన్నారు చైర్మన్ గారు.

మేస్త్రీ ఆమెను చూపించాడు. కార్యదర్శి చేతులు జోడించి మరీ చూపించాడు. పెద్దక్క కత్తెరతో చూపించింది.

ఉద్యోగం పోయిందనే అనుకుంది ఆమె. అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "నేనేనండీ. మా ఇంటి బాత్రూం గోడ అనుకున్నాను."

పెద్దక్క ముందుకు వచ్చింది. చైర్మన్ గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"తిట్టడానికే ఫోన్ చేశానండి," అంది పెద్దక్క. "ఆ తర్వాత దుమ్ము కాస్త తగ్గింది. చూస్తే కిటికీలన్నీ వాళ్ల వైపే ఉన్నాయి. మా పిల్లలు పట్టపగలు లైట్లేసుకుని సూదిలోకి దారం ఎక్కిస్తారు. ఇవాళ మొదటిసారి లైట్లు ఆపాం. మళ్లీ గోడ కడతామంటే మాత్రం ఊరుకోను."

ఈలోగా సంఘం సభ్యులు కుర్చీలు జరిపి పెద్ద వలయంగా కూర్చున్నారు. ఇన్నాళ్లూ ఒకరి వీపు ఒకరికి అడ్డం వచ్చి సగం మాటలు అందేవి కావు. ఇప్పుడు ఈ చివర ఒకరి చేతులు కదిలితే ఆ చివర నవ్వులు లేస్తున్నాయి. కుట్టే అమ్మాయి ఒకతె 'టీ ఉందా' అని సైగ చేయబోయి ఇంకేదో అన్నట్టుంది. వలయమంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

చైర్మన్ గారు అటూ ఇటూ చూశారు. "అయితే ఇప్పుడు ఇక్కడున్నది ఒక్క హాలే కదా?"

"ఒక్కటేనండి," అంది పెద్దక్క.

"అంటే నిధి కూడా ఒక్కటే. ఇద్దరూ కలిసి వాడుకోండి." ఎవరికీ లేదని చెప్పే పని తప్పినందుకు ఆయన మొహం వెలిగిపోయింది. ఆమె వైపు తిరిగారు. "ఆలోచన బాగుందమ్మా. ఈసారి మాత్రం నాకు ముందు చెప్పండి."

"ఆలోచన కాదండీ. నిజంగానే మా బాత్రూం..."

"అంత వినయం పనికిరాదమ్మా," అన్నారాయన.

మరుసటి ఏడాది నిధి కోసం వచ్చిన సంస్థల్లో సగం అప్పటికే ఒక్కో గోడ కొట్టించుకుని వచ్చాయి.