చక్రాల ఇల్లు, ముల్లంగి ఊట

ఆ రోజు తక్ గ్వాంగ్‌సిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున తొమ్మిదికల్లా ట్రైలర్‌లో హీటర్ బిగించడం పూర్తి చెయ్యాలి. వెంటనే వెలిగించి చూసుకోవాలి. పట్నం వెళ్లిన భార్య సున్‌రే మధ్యాహ్నం బస్సు దిగేసరికి లోపల ఇంట్లో ఉన్నంత వెచ్చగా ఉండాలి. సాయంత్రానికి ఇద్దరూ తూర్పు సముద్రం ఒడ్డున ఉండాలి. ఆ పథకంలో ఊరివాళ్లెవరూ లేరు. అంబులెన్సు అసలే లేదు.

గ్వాంగ్‌సిక్ ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపాడు. ఒకటే దారి. యొంగ్వోల్ బజారు నుంచి కొండ మలుపు దాకా నలభై రెండు కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి. కొండ మలుపు దగ్గర రోడ్డు ఆగేది కాదు, సముద్రం వైపు ఇంకా పోతూనే ఉండేది. బస్సే తిరిగిపోయేది. రోజుకి నాలుగుసార్లు ఆ రోడ్డుకి వీపు చూపించి చూపించి ఆయనకి విసుగు పుట్టింది. రిటైరైన వసంతంలో, తన ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల పడుకోవడానికి వీలున్న సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ ఒకటి కొని పెరట్లో పెట్టుకున్నాడు. ఊళ్లో వాళ్లు దానికి చక్రాల ఇల్లు అని పేరు పెట్టారు.

మొదటి ప్రయాణం అక్టోబరు చివర్లో అయింది. ఒక్క రాత్రి. తెల్లారేసరికి కిటికీ అద్దానికి లోపలి వైపు మంచు పేరుకుంది. తిరిగొచ్చాక సున్‌రే రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఈయన ధైర్యం చేసి "మళ్లీ వెళ్దామా?" అని అడిగితే, ఆవిడ క్యాబేజీ కోస్తూ కోస్తూ, "పుట్టినప్పటినుంచీ కింద పొయ్యి మండే వెచ్చటి నేల మీద పడుకున్న నడుం ఇది" అంది. అంతే. ఇంకో ముక్క లేదు. గ్వాంగ్‌సిక్ దాన్ని తీర్పు కింద తీసుకున్నాడు.

ఊరిపెద్ద యోమ్‌కి ఆ ట్రైలర్ మీద మొదట్నుంచీ కన్నుంది. మిరప తోటలో కాపలా గదిగా వేసుకుందామని ఆయన ఆశ. అడిగి అడిగి వేధిస్తే, "సరేనయ్యా. ఈ హీటర్‌తో కూడా మీ వదిన రానంటే రేపు పొద్దున్నే తోలుకుపో" అని గ్వాంగ్‌సిక్ మాటిచ్చేశాడు. ఒక్కడే ఊళ్లు తిరగడమంటే మళ్లీ బస్సు నడపడం లాంటిదే, అందులో అయితే జీతమైనా వచ్చేది అని ఆయన ఆలోచన. కాబట్టి ఆ పొద్దున హీటర్ బిగించడానికి యోమ్ సాయం వచ్చాడంటే, ఆ సాయంలో ఎంత ఉత్సాహం ఉందో ఊహించుకోవచ్చు.

అట్టపెట్టెలోంచి తీస్తే హీటర్ పెద్ద సొరకాయంత ఉంది. డీజిల్‌తో మండుతుంది. పొగ గొట్టం నేలకి కన్నం పెట్టి బయటికి వదలాలి. వేడి గాలి మాత్రం లావుపాటి గొట్టంలోంచి లోపలికి వస్తుంది. పెట్టెలో వచ్చిన కాగితంలో అంతే ఉంది. కానీ గ్వాంగ్‌సిక్ ఆ కాగితంతో ఆగే మనిషి కాడు.

"ముఖం మీద ఊదేది వేడేంటయ్యా? అది వేడి కాదు, గాలి. వేడంటే కింద నుంచి రావాలి. పిర్రలకి తగలాలి" అన్నాడు.

"అన్నా, బండిలో పొయ్యి నేల వేస్తావా?" అన్నాడు యోమ్. "మా తాత కూడా ఎద్దుబండికి వెయ్యలేదు."

"మీ తాత ఎద్దుబండిలో మా సున్‌రే ఎక్కలేదులే."

వారం రోజులుగా ఆయన చేసిందదే. ట్రైలర్ నేల మీద సన్నటి చెక్కలు వరసగా మేకులతో కొట్టి, వాటి మధ్య వేడి గాలి పాములా మెలికలు తిరుగుతూ పోయేలా దారులు పెట్టాడు. పైన పలకలు పరిచి, వాటి మీద పాతకాలపు ఇళ్లలోలాగా నూనె కాగితం అతికించాడు. ఆ పొద్దున హీటర్ బిగించి, దాని గొట్టం ఆ దారుల్లోకి కలిపేశారు. హీటర్ పక్కనున్న మూల అన్నిటికంటే వేడెక్కుతుంది. ఇంట్లో ఆ మూల ఎప్పుడూ పెద్దవాళ్లదే. ఇక్కడ మాత్రం అది సున్‌రేది అని గ్వాంగ్‌సిక్ ముందే నిర్ణయించి, ఆమె దిండు అక్కడ పెట్టాడు.

పెట్టెలో గ్యాస్ హెచ్చరిక యంత్రం కూడా ఉంది. అరచేతిలో పట్టేది, గోడకి తగిలించుకునేది. బ్యాటరీలు మాత్రం ఇవ్వలేదు. గ్వాంగ్‌సిక్ ఇంట్లోకెళ్లి, అత్తగారి టీవీ రిమోట్‌లోవి రెండు ఊడదీసుకొచ్చి అందులో వేశాడు. ఆ రోజు జరిగినదంతా ఆ రెండు బ్యాటరీల వల్లే జరిగింది.

యోమ్ పంచాయతీ గదికి వెళ్లిపోయాక ఆయన మీట నొక్కాడు. పంపు టిక్కుటిక్కుమంది. కొత్త హీటర్ కదా, లోపలి నూనె మాడి కాసేపు తెల్లటి పొగ వచ్చింది. వస్తుందని కాగితంలో రాసే ఉంది. కిటికీలకి వెండిరంగు రేకు అతికించాడు. చలిగాలి రాకుండా తలుపు లోపలినుంచి గడియ పెట్టాడు. అరగంటలో నూనె కాగితం చేతికి గోరువెచ్చగా తగిలింది. సున్‌రే నడుం తరఫున పరీక్షించాలని ఆమె మూలలో వెల్లకిలా పడుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచిన మనిషి. ఆ వెచ్చదనం వీపులోంచి మోకాళ్లకి దిగేలోపే గుర్రు పెట్టాడు.

పదింటికి అత్తగారి సీరియల్. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. కూతురి దగ్గరే ఉంటుంది. రిమోట్ నొక్కితే టీవీ వెలగలేదు. వెనక మూత తీసి చూస్తే ఖాళీ. ఇది అల్లుడి పనే అని ఆవిడకి వెంటనే అర్థమైంది. చీవాట్లు సిద్ధం చేసుకుంటూ పెరట్లోకొచ్చింది.

ట్రైలర్ కింద నుంచి తెల్లటి పొగ వస్తోంది. కిటికీలు మూసి ఉన్నాయి. తలుపు గడియ.

"అల్లుడూ! నా బ్యాటరీలు!"

జవాబు లేదు. చెవి ఆనించింది. లోపల ఏదో సన్నగా "పీక్" అంది. కాసేపాగి మళ్లీ "పీక్". ఆ పాత బ్యాటరీలు ఓపిక అయిపోయి, మమ్మల్ని మార్చమని మొర పెట్టుకుంటున్నాయి. ఆ సంగతి ఆవిడకేం తెలుసు?

ఆవిడకి తెలిసిందల్లా ఒక చలికాలం. అప్పుడు వాళ్లు గనుల ఊళ్లో అద్దె గదిలో ఉండేవాళ్లు. సున్‌రేకి ఆరేళ్లు. పొయ్యిలో బొగ్గు దిమ్మ మండుతుంటే పగిలిన నేలలోంచి గ్యాస్ పైకొచ్చింది. తెల్లవారి లేపితే పిల్ల లేవలేదు. తల్లి దాన్ని వాకిట్లో మంచు మీదికి లాగి, ఉప్పునీళ్లలో ముల్లంగి ఊరేసిన జాడీలోంచి, బొగ్గు గ్యాస్‌కి విరుగుడని అందరూ చెప్పే ఆ ముల్లంగి ఊట తోడి నోట్లో పోసింది. మూడో గుక్కకి పిల్ల దగ్గి కళ్లు తెరిచింది. చల్లగాలి కాపాడిందమ్మా, ఊట కాదు అని ఆ తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు మాట ఆవిడ ఈనాటికీ ఒప్పుకోలేదు.

ఆవిడ పరిగెత్తింది. ఎనభై నాలుగేళ్ల మోకాళ్లు ఎలా పరిగెత్తాయో ఆవిడకే తెలియదు. నేరుగా పంచాయతీ గదిలో యోమ్ ముందు నిలబడి, "గ్యాసు! అల్లుడు! తలుపు!" అంది.

యోమ్‌కి ఈ ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైనది మైకు. కొండల మధ్య ఊరంతా లౌడ్‌స్పీకర్లలోంచి ఆయన గొంతు లేచింది.

"ఆ, ఆ. ఊరి ప్రజలకి తెలియజేయునది. మన బస్సు తక్ గారికి చక్రాల ఇంట్లో గ్యాస్ పట్టేసింది. ముల్లంగి ఊట ఉన్నవాళ్లు ఉన్నపళంగా పట్టుకుని రావాలి. ఆ, అంబులెన్సుకి కూడా ఫోన్ చేస్తున్నాను. మళ్లీ చెప్తున్నాను, ముల్లంగి ఊట."

పది నిమిషాల్లో ఏడుగురు అవ్వలు పెరట్లోకి చేరారు. గిన్నెలతో ఇద్దరు, చెంబులతో నలుగురు. బావికాడి అవ్వ జాడీనే దొర్లించుకొచ్చింది. యోమ్ గడ్డపార తెచ్చాడు. తలుపు సందులో దూర్చి ఒక్క పట్టు పట్టాడు. సందేహిస్తే ప్రాణం పోతుందని ఆయన అన్నాడు. మిరప తోట గదికి తలుపు ఎలాగూ మార్చాలనుకున్నాడని ఊరివాళ్లు తర్వాత అన్నారు. ఏమైతేనేం, తలుపు చట్రంతో సహా ఊడొచ్చి పెరట్లో పడింది.

గ్వాంగ్‌సిక్ అప్పుడే కలలో కొండ మలుపు దాటాడు. ఎదురుగా సముద్రం. అంతలో సముద్రమంతా ఎత్తి నోట్లో పోసినట్టయింది. ఐసు ముక్కలతో సహా.

"మింగాడు! మింగాడు!" అని అరిచింది అత్తగారు. "ఇంకో గుక్క పొయ్యండి!"

"నాకేం కాలేదు!" అన్నాడు ఉక్కిరిబిక్కిరవుతూ.

"అలాగే అంటారు" అంది బావికాడి అవ్వ. "మా మరిదీ అలాగే అన్నాడు. నాకేం కాలేదు, నాకేం కాలేదు అన్నాడు. తర్వాత ఆ మాట కూడా అనలేదు."

"నీ ఊట పులిసిపోయిందే, తప్పుకో. నాది పట్టించు" అంది ఇంకో అవ్వ.

"నాది పులిసిందా? నీ ముల్లంగి ఇంకా పచ్చిగా కరకరలాడుతోంది!"

"అత్తయ్యా, నేను నిద్రపోయానంతే!"

"అవును నాయనా, సున్‌రే కూడా నిద్రే పోయింది" అంది అత్తగారు. ఆ మాట అంటూ, ఆరేళ్ల పిల్లకి పట్టినట్టే ఆయన తల ఒళ్లోకి తీసుకుని గిన్నె మళ్లీ నోటికి ఆనించింది. గ్వాంగ్‌సిక్ ఆవిడ ముఖం చూశాడు. నోరు తెరిచి మిగతాది తాగేశాడు. తర్వాత ఆరుగురి ఊటా వరసగా తాగాడు. మంచి గాలి తగలాలని కాళ్లూ చేతులూ పట్టి బయటికి లాగి, మంచు కురిసిన గడ్డి మీద పడుకోబెట్టారు. చొక్కా గుండీలు విప్పారు. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనిషికి మొదటి తుమ్ము వచ్చింది.

అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగిన మనిషి గ్వాంగ్‌సిక్ వేలికి చిన్న యంత్రం తగిలించి చూశాడు. మరో యంత్రంతో ట్రైలర్ లోపల గాలి చూశాడు. హెచ్చరిక యంత్రంలోంచి బ్యాటరీలు తీసి చేతిలో పెట్టాడు.

"గ్యాస్ లేదు. ఆయన రక్తంలో గాలి మీ అందరికంటే బాగుంది. ఇంకాసేపు ఇక్కడే పడుకోబెడితే మాత్రం న్యుమోనియా వస్తుంది" అన్నాడు.

"చూశారా, ఊట పని చేసింది" అంది అత్తగారు.

ఆయన తలూపి యంత్రాలు సర్దుకున్నాడు. ఈ కొండల్లో ఆయన చాలా ఏళ్లుగా పని చేస్తున్నాడు.

గ్యాస్ లేదన్న మాట బావికాడి అవ్వకి నమ్మకం కుదరలేదు. స్వయంగా చూస్తానని చెప్పులు విడిచి ట్రైలర్ ఎక్కింది. ఎంతకీ దిగలేదు.

"అవ్వా, గ్యాస్ ఉందా?" అని కేకేశాడు యోమ్.

"ఇంకా తెలీలేదు" అని లోపలినుంచి తాపీగా వినబడింది. "ఇంకాసేపు కూచుని చూడాలి."

ఆ సంగతేంటో చూద్దామని రెండో అవ్వ ఎక్కింది. తర్వాత మూడో ఆవిడ. చివరికి ఏడుగురూ లోపలే తేలారు. తలుపు లేకపోయినా నేల నేలే. వెచ్చటి మూల కోసం వయసులు బయటికొచ్చాయి. "నాకు ఎనభై ఏడు, జరుగు." "నిరుడు ఎనభై రెండన్నావు!" మొత్తానికి సున్‌రే దిండు మీద బావికాడి అవ్వ తల పెట్టేసింది.

సున్‌రే మధ్యాహ్నం బస్సు దిగింది. జుట్టు కొత్తగా ఉంగరాలు తిప్పించుకుంది. చేతిలో పెద్ద మూట ఉంది. వాకిట్లో అంబులెన్సు. పెరట్లో తలుపు. మొగుడు దుప్పటి కప్పుకుని ముల్లంగి వాసన కొడుతూ వణుకుతున్నాడు. ట్రైలర్‌లో ఏడుగురు అవ్వలు.

యోమ్ ఎదురెళ్లాడు. "వదినా, కంగారు పడకండి. అన్న బాగున్నాడు. బండే, పాపం, ఇక ప్రయాణానికి పనికిరాదు. రేపు పొద్దున్నే వచ్చి తోలుకుపోతాను."

ఆవిడ మొగుడి వైపు చూసింది. "ఏవండీ, ఎవరిని అడిగి ఇచ్చేశారు?"

"నువ్వు రానంటేనే అన్నాను" అన్నాడు గ్వాంగ్‌సిక్ తుమ్ముతూ. "ఆ రాత్రి చలికి నీ నడుం... రెండు రోజులు మాట్లాడలేదు కదా నువ్వు."

"మాట్లాడ్డానికి గొంతేదీ? రాత్రంతా మాట్లాడితే గొంతు పోదూ?"

గ్వాంగ్‌సిక్‌కి అర్థం కాలేదు. సున్‌రే గడ్డి మీద పడున్న తలుపు మీదే కూచుంది. మూట విప్పింది. లోపల ఇద్దరికి సరిపడే లావుపాటి దూది దుప్పటి, వేడినీళ్ల సంచులు రెండు ఉన్నాయి.

"ముప్పై ఏళ్లుగా తొమ్మిదింటికి అన్నం తిని గోడవైపు తిరిగి పడుకునే మనిషి మీరు. పొద్దున నాలుగున్నరకి బస్సు. ఏం అడిగినా 'ఊఁ'. ఆ రాత్రి మాత్రం చలికి నిద్ర పట్టక నా పాదాలు రెండు చేతులతో పట్టుకుని తెల్లారేదాకా మాట్లాడారు, నన్నూ మాట్లాడించారు. కొండ మలుపు దగ్గర బస్సు తిప్పుకునేటప్పుడల్లా నన్ను ఎక్కించుకుని అలాగే ముందుకు పోవాలనిపించేదని చెప్పారు. ఆ మాట నాకు ముప్పై ఏళ్లలో ఎప్పుడైనా చెప్పారా?"

"మరి నడుం అన్నావు?"

"నడుం నొప్పి నడుం నొప్పే. అందుకేగా దుప్పటి." ఆవిడ ట్రైలర్ వైపు తల తిప్పింది. "ఆ హీటర్ వేసుకుని ఎంతసేపట్లో నిద్రపోయారట?"

గ్వాంగ్‌సిక్ దుప్పటి ముక్కు దాకా లాక్కున్నాడు.

"తలుపు ఇప్పుడే పెట్టించకండి. కాస్త చలి రానివ్వండి" అంది సున్‌రే.

తలుపు చోట నీలం పట్టా కట్టడానికి పావుగంట పట్టింది. అవ్వల్ని నేల మీంచి లేపడానికి గంటన్నర పట్టింది. వచ్చే వారం నుంచి ట్రైలర్ పెరట్లో ఉన్నప్పుడల్లా మధ్యాహ్నాలు వాళ్లవేనని సున్‌రే మాటిచ్చాకే బావికాడి అవ్వ దిండు వదిలింది. యోమ్ గడ్డపార భుజాన వేసుకుని, తోట వైపు చూస్తూ వెళ్లిపోయాడు.

పొద్దు వాలేసరికి బండి కొండ మలుపు చేరింది. బస్సు ఎప్పుడూ తిరిగే చోట గ్వాంగ్‌సిక్ కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోయింది. సున్‌రే ముందున్న రోడ్డు వైపే చూస్తోంది. ఆయన తుమ్మి, కాలు తీసి ముందుకు పోనిచ్చాడు. వెనక నీలం పట్టా టపటపా కొట్టుకుంటోంది. హీటర్ నిక్షేపంగా టిక్కుటిక్కుమంటోంది. వెచ్చటి మూలలో, అందరికంటే పెద్దరికం తనదే అన్నట్టు, అత్తగారు బలవంతాన ఎక్కించిన ఊట జాడీ కూచుంది.

ఆవిడ లెక్కలో ముల్లంగి ఊట కాపాడిన ప్రాణాలు ఇప్పటికి రెండు.