ప్లమ్ చెట్లకు ఐస్ గడ్డలు

ఆ రోజు పొద్దున వెంకట్రాజం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య లీలావతి మహిళా సంఘం మీటింగుకు జనగామ బయల్దేరగానే నాలుగు ఐస్ గడ్డలు తెప్పించాలి. వాటిని పెరట్లో ప్లమ్ చెట్ల మొదళ్లకు ఆనించాలి. ఆమె తిరిగొచ్చేలోగా తడి కూడా ఆరిపోవాలి. ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదని అతని నమ్మకం.

సహకార సంఘంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన సంబరంలో వెంకట్రాజం సిమ్లా యాత్రకు వెళ్లాడు. అందరూ స్వెటర్లు కొనుక్కుంటే తను మాత్రం మూడు యూరప్ జాతి ప్లమ్ మొక్కలు కొనుక్కొచ్చాడు. వాటికి పేర్లు కూడా ఉన్నాయి. స్టాన్లీ, విక్టోరియా, ప్రెసిడెంట్. నర్సరీవాళ్లు కట్టిన రేకు బిళ్లలు ఇంకా కొమ్మలకు వేలాడుతూనే ఉన్నాయి. రఘునాథపల్లి ఎండకు మనుషులే మాడిపోతుంటే ఆ చెట్లు మాత్రం మూడేళ్లుగా ఆకులు వేసి, రాల్చి, మళ్లీ వేసి కాలక్షేపం చేస్తున్నాయి. పూత మాట ఎత్తవు. "సారూ, ప్రెసిడెంట్ ఏమంటున్నడు?" అని అడగనివాళ్లు ఊళ్లో లేరు.

లీలావతి ఓపిక నిన్నటితో అయిపోయింది. "మూడేండ్ల సంది నా మిరపచెట్ల జాగల తిష్ట ఏసినయి. ఒక్క కాయ లేదు, ఒక్క పువ్వు లేదు. ఆదివారం మనిషిని పిలిచిన. మూడిటికి మూడు కొట్టిచ్చుడే."

"జర ఆగు లీలా. అవి సలి దేశం చెట్లు. ఎన్మిది వందల గంటలు సలిల పండుకుంటెనే పూత పూస్తయట. వీడియోల చెప్పిండ్రు."

"ఎన్మిది వందల గంటలా? నాకు ఎన్మిది గంటలు పండుకునే రాత లేదు, నీ చెట్లకు గన్ని గావాల్నా?"

వెంకట్రాజం ఉద్యోగం సంఘం కోసం చేశాడు, ఇల్లు పిల్లల కోసం కట్టాడు. తన కోసమని పెంచుకున్నవి ఈ మూడు చెట్లే. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. చలి తనంతట తాను రాకపోతే కొనుక్కొచ్చి పెట్టాలని తీర్మానించుకున్నాడు.

జనగామ నుంచి ట్రాలీ ఆటోలో ఐస్ గడ్డలు వేసుకొచ్చినవాడు భీమ్లా. ఊరి మొదట్లో చాయ్ హోటల్ దగ్గర ఆగి వెంకట్రాజం ఇల్లు ఎక్కడని అడగడమే అతను చేసిన తప్పు. ఎండాకాలం కాదు, పెళ్లిళ్ల సీజన్ కాదు. జనవరి పొద్దున ఊక చల్లిన ఐస్ గడ్డలు ఒక ఇంటికి పోతున్నాయంటే మా వైపు దానికి ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారు, దూరం నుంచి ఇంకెవరో రావాలి, అందాకా శవాన్ని ఉంచాలి. పైగా వెంకట్రాజం తల్లి బుచ్చవ్వకు ఎనభై రెండేళ్లు, రెండు రోజులుగా అరుగు మీద కనబడడం లేదు. ఆమె పాలకుర్తిలో బిడ్డ రమాదేవి ఇంటికి పోయిందని హోటల్లో ఎవరికీ తెలియదు. చాయ్ గ్లాసులు కింద పెట్టకముందే ఊరి వాట్సాప్ గ్రూపులో బుచ్చవ్వ ఫొటో, దాని చుట్టూ పూలదండ, కింద 'కన్నీటి నివాళి' వచ్చేశాయి.

వెంకట్రాజం ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది, అతను పెరట్లో ఉన్నాడు. గడ్డలన్నిటినీ ముందుగా స్టాన్లీ పక్కన బారుగా పేర్చి, కరగకుండా గోనె సంచులు పరిచి, వాటి మీద తన తెల్ల పంచె కప్పాడు. నడుము పట్టుకుని లేచేసరికి పక్కింటి స్రవంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"అయ్యో కాకా, ఎంత పని జరిగె!"

చెట్లు నరికించే సంగతి లీలావతి అప్పుడే ఊరంతా చెప్పినట్టుంది అనుకున్నాడు వెంకట్రాజం. పోనీలే, ఒక్కరికైనా తన బాధ తెలిసింది.

"ఏం జేస్త బిడ్డా. కండ్లల్ల పెట్టుకుని చూస్కున్న."

"ఊరందరికి ఎరికే కాకా. నీ అసొంటోడు ఉంటడా!"

ఆమె వంగి పంచెకు దండం పెట్టింది. చెట్టుకు మొక్కుతోందనుకుని వెంకట్రాజం కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత పదిమంది వచ్చారు. ఆ తర్వాత నలభై మంది. స్టాన్లీ మొదట్లో బంతిపూల దండలు కుప్ప పడ్డాయి. మూడేళ్లు నవ్విన ఊరు ఇవాళ తన చెట్టు ముందు నిలబడి ముక్కులు చీదుతుంటే, వెంకట్రాజానికి ఊరి మీదున్న కోపమంతా పోయింది. గేటు బయట డప్పు మోగేదాకా అతనికి అనుమానమే రాలేదు.

"గిదేంది? డప్పులెందుకు?"

"అవ్వను ఉత్తగ ఎట్ల సాగనంపుతం సారూ?" అన్నాడు చాయ్ హోటలాయన.

"ఏ అవ్వను?"

హోటలాయన ఫోను చూపించాడు. వెంకట్రాజం నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

"మా అవ్వ సచ్చిపోలే! పాలకుర్తిల ఉన్నది!"

"అట్లనే అనిపిస్తది సారూ," అని వీపు నిమిరాడతను. "మా నాయిన పోయిననాడు నేను గూడ గిట్లనే అన్న."

"అరె, అది ఐసయ్యా! ఉత్త ఐసు!"

"అవును సారూ. రేపు మనం గూడ ఉత్త మట్టే."

అంతలో భరత్ దిగాడు. సర్పంచ్‌గా నిలబడాలని రెండేళ్లుగా చావులకూ పెళ్లిళ్లకూ ఒకే మొహంతో తిరుగుతున్న నాయకుడు. వెంట వచ్చినాయన ఫోనులో వీడియో పట్టగా, పంచె మీద పెద్ద దండ వేసి జనం వైపు తిరిగాడు.

"బుచ్చవ్వ అంటె మా సొంత అవ్వనే! ఈ గల్లికి సిమెంటు రోడ్డు రావాల్నని అవ్వ ఆఖరి కోరిక. అవ్వ సాక్షిగ చెప్తున్న, నెల దిరగకముందే నేనే దగ్గరుండి ఏపిస్త!"

జనం చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి ఆగారు.

అప్పుడే లీలావతి సంఘం ఆడవాళ్లతో సహా ఆటో దిగి గుండెలు బాదుకుంటూ వచ్చింది. అత్త పాలకుర్తిలోనే పోయిందనీ, శవాన్ని ఇంటికి తెచ్చారనీ ఆమె అనుకుంది. "అత్తా! మొన్ననే నీతోని లొల్లి పెట్టుకుంటి గదనే!" అని పంచె మీద పడింది. పడ్డ క్షణమే చన్నీళ్లు తగిలి లేచింది. పంచె లాగింది, గోనె లాగింది. ఐస్ గడ్డలు ఎండకు తళతళ మెరిశాయి.

"ఏమయ్యా, గిదేంది?"

"చెట్లకు... జర సలి..."

మొదట హోటలాయన కళ్లు తుడుచుకోవడం మానేశాడు. "గీ ఐసుకా మేము ఏడ్సింది?" అని ఎవరో అన్నారు. ఇంకెవరో అవునన్నారు. అంతా కలిసి వెంకట్రాజం మీదికి వచ్చేలా ఉన్నారు.

"ఆదివారం దాక ఎందుకు?" అంది లీలావతి, పళ్లు కొరుకుతూ. "గొడ్డలి తెండ్రి. ఇప్పుడే కొడ్త."

గొడ్డలి రావడానికి ఒక్క నిమిషం పట్టలేదు. ఈ ఊళ్లో ఏ పనీ అంత తొందరగా జరగడం వెంకట్రాజం ఎన్నడూ చూడలేదు. స్టాన్లీకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"ఆగుండ్రి," అని గేటు దగ్గర గొంతు వినబడింది.

బుచ్చవ్వ. చేతిలో కర్ర, వెనకాల బిడ్డ రమాదేవి. వాట్సాప్‌లో తన ఫొటో చూసి, తింటున్న సర్వపిండి సగంలో వదిలేసి ఆటో ఎక్కింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. డప్పు కొట్టేవాడు భయంతో ఒక దెబ్బ వేశాడు.

"నేను సచ్చిపోయిన్నంట గద. ఎవలెవలొచ్చిండ్రో చూసిపోదామని వచ్చిన."

కుర్చీ వేయించుకుని, కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కరినీ తీరిగ్గా చూసింది. "స్రవంతీ, మస్తు ఏడ్సినవు బిడ్డా, కండ్లు ఉబ్బినయి. హోటలాయనా, ఒట్టి చేతులతోని వచ్చినవేంది?" అంది. ఆ తర్వాత భరత్ మీద చూపు ఆగింది. అతని ప్రసంగం కబురు దారిలోనే రమాదేవి ఫోనుకు వచ్చేసింది. "నాయినా, నా గురించి మంచిగ జెప్పినవట. నేను ఇనలే. మల్లొకపారి జెప్పు. ఫోను పట్టినాయనా, నువ్వు గూడ పట్టు."

భరత్ మళ్లీ మొదలుపెట్టాడు. రోడ్డు దగ్గరికొచ్చేసరికి గొంతు లోపలికి పోయింది.

"గట్టిగ బిడ్డా. చెవులు ఇనవడయి."

"నెల దిరగకముందే... ఏపిస్త."

"సచ్చినోళ్లకు ఏసే రోడ్డు బతికినోళ్లకు ఎయ్యవా?"

ఫోను వెలుగుతూనే ఉంది. "ఏస్త అవ్వా," అన్నాడు భరత్.

బుచ్చవ్వ కోడలి చేతిలోని గొడ్డలి వైపు చూసింది. "అది లోపల పెట్టు లీలా. పదేండ్ల సంది గీ గల్లిల బురద తొక్కలేక సస్తున్న. పంచాయతి చుట్టు తిరిగితె రాలే, కలెక్టరుకు కాయితం పెడితె రాలే. గీ చెట్ల పుణ్యాన వచ్చింది. కాయలు లేవంటివి గద, ఇంతకన్న ఏం కాయాలె?"

నలుగురి ముందు అత్త కోసం అంతలా ఏడ్చాక, ఆ అత్త మాట కాదనడం లీలావతి వల్ల కాలేదు. విసురుగా గొడ్డలి ఇంట్లో పడేసి వచ్చింది. వెంకట్రాజం తల్లి కాళ్ల దగ్గర కూలబడి, ఆ రోజు మొదటిసారి సరైన కారణానికి ఏడ్చాడు.

రోడ్డు ఇరవై ఆరు రోజుల్లో పడింది. ప్లమ్ చెట్లకు పూత ఇప్పటికీ రాలేదు. ఆ నెలలోనే మిగతా బురద గల్లీల్లో ముగ్గురు ముసలివాళ్లు తమ పెరట్లోనూ ప్లమ్ మొక్క పెట్టాల్సిందేనని కొడుకుల దగ్గర పట్టుబట్టారు.