రాజుగారు మెచ్చిన జలపాతం

ఒక పెద్ద అడవిలో, ఎప్పుడో మనుషులు వదిలేసి పోయిన రాజధాని ఒకటుంది. ఇప్పుడక్కడ జంతువులే పౌరులు. ఆ కోటను చూడడానికి ఎక్కడెక్కడి అడవుల నుంచో చుట్టాలు వచ్చి నోళ్లు వెళ్లబెడతారు. కోటలో ఉండేవాళ్లకు మాత్రం దానివైపు చూడబుద్ధి కాదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు కదా!

అందుకే ఏటా వేసవిలో ఒక్కరోజు ఊరంతా కలిసి విహారయాత్రకు పోతారు. పొద్దున వెళ్లి పొద్దుగూకేలోగా రావాలి. ఎక్కడికన్నది సభలో తేలాలి.

"జలపాతానికి పోదామండీ," అంది నీలవేణి అనే ఏదుపంది. "నా పిల్లలిద్దరూ నీళ్లు పైనుంచి దూకడం చూడనేలేదు. వానలు పడ్డాయంటే ఎవరి బొరియ వాళ్లు చూసుకుంటారు. మళ్లీ నాతో ఎక్కడికొస్తారు?"

"అక్కడ తేనె ఏదమ్మా? తేనెగుట్టకు పోదాం," అంది ఎలుగుబంటి.

"బురద లేని చోటికి నేను రాను," అంది అడవిదున్న.

సభ కార్యదర్శి నక్క. జలపాతం దగ్గర ఈతపళ్ల కొట్టు దాని బావమరిదిది. వాదన తెగేలా లేదని చూసి, గొంతు సవరించుకుంది.

"రాజుగారికి జలపాతమంటే ప్రాణమని విన్నాను."

"నేనూ అదే అనబోతున్నా!" అంది ఎలుగుబంటి. దున్న కూడా తల ఊపేసింది.

గద్దె మీద కునుకు తీస్తున్న సింహం ఒక కన్ను తెరిచింది. "నాకు ప్రాణమా? అయితే నేనూ వస్తాను."

నక్క ఇది ఊహించలేదు. రాజు వస్తున్నాడంటే బందోబస్తు ఉండాలి. యాత్ర రోజున ఏనుగులు దారి ఊడ్చాయి. దున్నలు బాటకు అటూ ఇటూ బారులు తీరాయి. నీలవేణిని ముళ్లకంచెగా నిలబెట్టారు, వీపు జలపాతం వైపు పెట్టి.

"ఎవర్ని ఆపాలండీ?" అంది నీలవేణి.

"జనాన్ని," అంది నక్క.

"జనమంతా డ్యూటీలోనే ఉన్నారుగా!"

"అయినా కంచె ఉండాలి. రాజుగారి పర్యటనంటే మాటలా?"

వెనక నీళ్ల హోరు వినిపిస్తోంది. "అమ్మా, ఒక్కసారి తొంగిచూడనా?" అంది చిన్నపిల్ల. "వద్దమ్మా, తప్పు," అంది నీలవేణి. అలా అన్నందుకు దాని మీద దానికే అసహ్యమేసింది.

సింహం పరివారం ఈతపళ్లన్నీ ఊడ్చిపెట్టి, మూతులు తుడుచుకుంది. సింహం జలకాలాడి పరవశించిపోయింది. "ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదేం? ఇకనుంచి ఇది నా ఒక్కడిదే. ఇంకెవరూ ఇటు రాకూడదు."

సాయంత్రానికల్లా కొట్టు లేచిపోయింది. బావమరిది పెళ్లాంపిల్లలతో సహా వచ్చి నక్క బొరియలో మకాం పెట్టాడు.

తిరుగుదారి రాజుగారికి వదలాలి కాబట్టి, మిగతావాళ్లను తూర్పులోయ మీదుగా మళ్లించారు. అక్కడ ఎవరూ ఎరగని చిన్న జలపాతమొకటి రాళ్ల మీంచి దూకుతోంది. పొద్దుగూకుతోంది కనుక ఎవరూ ఆగలేదు.

వారం తిరగకుండానే సింహం సభలో ఆవులించింది. "చుట్టుపక్కల ఇంకేమైనా చూడదగ్గవి ఉన్నాయా?"

రాజుగారి వెంటే ఊరేగి వచ్చిన నక్కకు ఏమీ తెలీదు. అది సభవైపు చూసింది.

"ఎక్కడివి దొరా!" అంది నీలవేణి. "తూర్పులోయ చూశాం. జలగలూ, జోరీగలూ!"

"దూలగొండి కూడా," అంది ఎలుగుబంటి, వీపు బరుక్కుంటూ.

మర్నాడు నీలవేణి పిల్లలను తీసుకుని తూర్పులోయకు వెళ్లేసరికి ఊరంతా అప్పటికే నీళ్లలో ఉంది. చిన్నపిల్ల ధార కింద మూతి పైకెత్తి నిలబడింది, ఎంత పిలిచినా ఇవతలికి రాలేదు. నీలవేణికి ఏడుపొచ్చేంత సంతోషమేసింది.

నీతి: మంచి చోటు కనబడితే, అది బొత్తిగా బాగాలేదని పైవాళ్లకు చెప్పడం పౌరుల కనీస ధర్మం.