హాల్లో రైలింజను

ఆ ఉదయం ఫిట్టరు గట్టిగా అనుకున్నది ఒక్కటే: ఇంజను అమ్మేది లేదు. పదకొండేళ్లుగా విప్పి, తుప్పు గీకి, సగం బాగుచేసిన బుల్లి ఆవిరి రైలింజను అది. పెద్ద మేకంత ఉంటుంది. హాలు మధ్యలో చెక్కదిమ్మల మీద కూర్చుని ఉంటుంది. "అది పోతేగానీ ఈ ఇంట్లో మనుషులు నడవలేరు" అంటూ భార్య అతన్ని అడక్కుండానే ప్రకటన ఇచ్చేసింది. పదింటికల్లా ఒక హోటలు యజమాని దిగాడు.

"కొనకండి సార్, మునిగిపోతారు. ఈ పైపు చూడండి, నీళ్లు ఎలా కారుతున్నాయో!" అన్నాడు ఫిట్టరు.

అని ఊరుకుంటే సరిపోయేది. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో అరిగిన చెయ్యి వదులు నట్టును చూసి ఊరుకుంటుందా? మాట పూర్తయ్యేలోగా స్పానరు తిరిగింది. కారడం ఆగింది.

"ఏదీ, కారడం లేదే?"

"సరే, చక్రాలు చూడండి. బిగుసుకుపోయాయి." దిమ్మలు లాగి ఇంజన్ని నేలకు దించాడు. చూపిస్తూ చూపిస్తూనే నూనె పోశాడు. చక్రాలు కదిలాయి.

"ఏమయ్యా, రేటు పెంచడానికా ఈ నాటకం?"

కొనేవాళ్ల బుద్ధే అంత. పనివాడు నిజం చెప్పినా వాళ్లకు బేరమే వినబడుతుంది. ఫిట్టరుకు ఒళ్లు మండింది. "బొగ్గు రాజేస్తా, కూర్చోండి! అంగుళం కదిలితే నన్నడగండి!"

అరగంటకు ఆవిరి మీటరు ముల్లు పైకి లేచింది. "ఈ వాల్వు చచ్చినా తెరుచుకోదు సార్" అంటూ, అలవాటుగా ఒక దెబ్బ వేసి తిప్పాడు.

తెరుచుకుంది. ఇంజను బుసకొట్టి ఉరికింది. హోటలాయన ఎగిరి సోఫా ఎక్కాడు. అది భోజనాల బల్ల కాలు విరిచి, కప్పులన్నీ నేలపాలు చేసి, గోడను గుద్ది ఆగింది. ఫిట్టరు పరుగెత్తి వాల్వు మూశాడు. అతని ముఖం కూడా ముడుచుకుపోయింది. ఇక దీన్ని ఎవడు వదులుతాడు?

"అదిరింది! ఇప్పుడే పట్టుకెళ్తా. బాయిలరు కోసేసి పూలమొక్క పెడితే, గల్లాపెట్టె పక్కన భలే ఉంటుంది!"

వంటగదిలోంచి భార్య చీపురుతో వచ్చింది. "ఏంటీ, కోస్తారా?"

"మీరేగా అమ్మా ప్రకటన ఇచ్చింది?"

"ఇచ్చాను. నా పాత బట్టలన్నీ చింపి దీన్ని తుడిచిందీ నేనే, పదకొండేళ్లు తిట్టిందీ నేనే. నడిచే బండి గొంతు కోస్తానంటే చూస్తూ ఊరుకుంటానా? దయచేయండి!"

హోటలాయన చీపురు వైపు చూసి దయచేశాడు.

"మరి నడవడానికి దారి లేదన్నావుగా?" ఫిట్టరు మెల్లగా అడిగాడు.

"దారికి అడ్డం ఏదో ఇవాళ తెలిసింది" అంది భార్య.

మర్నాడు కొత్త ప్రకటన పడింది: భోజనాల బల్ల అమ్మబడును, మూడు కాళ్లు బాగున్నాయి.